కాటా బావ కుక్కను తూచిన విధం

మా అక్క మొగుణ్ణి ఈ చుట్టుపక్కల అందరూ కాటా బావ అంటారు. నిజానికి ఆయన నా ఒక్కదానికే బావ. వాళ్ళ పెళ్ళయిన కొత్తలో నేను దుకాణం గుమ్మంలో నిలబడి "బావా, బావా" అని గొంతు చించుకునేదాన్ని. అది విని పక్కనున్న ఇనప కొట్టాయన మొదలుపెట్టాడు, తర్వాత వీధంతా అందుకుంది. ఇప్పుడు డెబ్బై దాటిన ముసలాయన కూడా వచ్చి "కాటా బావ ఉన్నాడా?" అని అడుగుతాడు. అక్కకు ఇన్నేళ్ళుగా అదొక మంట. "ఊరందరికీ ఈయన బావైతే, నేనెవరికి ఏమవుతానే?" అంటుంది.

ఆయన పని కాటాలు బాగుచెయ్యడం. బరువు ఎక్కువ చూపించేవి, తక్కువ చూపించేవి, అసలేమీ చూపించకుండా ముల్లు ఒకచోటే వణుకుతూ ఉండేవి, అన్నీ ఆయన బల్ల మీదికి రావలసిందే. పొద్దున్నే దుకాణం తెరవగానే ఇత్తడి తూకపురాళ్ళ పెట్టె తీసి, మెత్తటి గుడ్డతో ఒక్కొక్క రాయినీ తుడిచి, ప్రతి కాటా మీదా పెట్టి చూస్తాడు. ఆ రాళ్ళకు తూనికల ఆఫీసులో ముద్ర వేయించాలి. ముద్ర గడువు దాటిన రాయిని ఆయన ముట్టుకోడు. "రాయి కూడా అరుగుతుంది మరదలా. నిరుడు కిలో ఉంది కదా అని ఈ ఏడూ కిలో అనుకోకూడదు" అంటాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. ఆయన పెట్టుకోలేదు.

దేన్నయినా కంటితో చూసి బరువు చెప్పెయ్యడం ఆయనకున్న మరో రోగం. అక్కను మొదటిసారి చూసి ఇంటికి వెళ్ళాక, "పిల్ల ఎలా ఉందిరా?" అని వాళ్ళమ్మ అడిగితే "నలభై తొమ్మిదిన్నర" అన్నాడట. ఒకసారి చుట్టాలంతా నిండిన గదిలో నా బరువు కూడా చెప్పాడు, గ్రాములతో సహా. ఆ అంకె ఇక్కడ రాయను. తప్పు చెప్పి ఉంటే పోనీలే అనుకునేదాన్ని. తన బరువు మాత్రం ఎవరు అడిగినా తడుముకోకుండా అరవై ఎనిమిది అంటాడు. ఆయన చివరిసారి కాటా ఎక్కి పదకొండేళ్ళయింది. గురివింద తన నలుపు ఎరగదంటారు. పూర్వం బంగారం తూచింది కూడా ఆ గురివింద గింజలతోనే.

ఇక వీసె సంగతి. వీసె వాళ్ళ కుక్క. లాబ్రడార్ ఆడది, తేనెరంగు. మూడు వారాల పిల్లగా తల్లి దగ్గర ఉన్నప్పుడు చూడబోయి, జేబులో చిన్న కాటా ఉంది కనక ఊరుకోలేక తూచాడు. సరిగ్గా పాతకాలపు వీసెడు, అంటే కిలోన్నరకు కాస్త తక్కువ, తూగింది. పేరు అక్కడే ఖాయమైంది. తర్వాత ఇంటికి తెచ్చిన వారానికే దుకాణంలో పళ్ళెం కాటా మీద కూర్చోబెడితే, పళ్ళెం జారి సిమెంటు నేల మీద ఖంగుమని పడింది. ఆ దెబ్బకు అది బీరువా కిందికి దూరి, సాయంత్రం దాకా బయటికి రాలేదు. అప్పట్నుంచి ఏ కాటా కనపడినా నాలుగు కాళ్ళూ నేలకు అతికించుకుంటుంది. కాటాలు బాగుచేసే మనిషి ఇంట్లో కాటా అంటే పడని కుక్క! కాబట్టి బావ దాన్ని చేతుల్లో ఎత్తుకుని కాటా ఎక్కుతాడు. వచ్చిన అంకెలోంచి తన అరవై ఎనిమిదీ తీసేస్తాడు. మిగిలింది కుక్క.

బావకు వీసె పిల్ల ఒకటి ఇంట్లో ఉండాలని కోరిక. పైకి చెప్పడు గానీ, కుక్కలు పన్నెండేళ్ళకు మించి ఉండవన్న సంగతి ఎక్కడో చదివిన రోజు నుంచి ఆయనకు అదే ధ్యాస. వీసెకు నాలుగున్నరేళ్ళు వచ్చాక గానీ పశువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళలేదు. ఆవిడ దాన్ని నిలువునా తడిమి చూసి, ముందు మనిషిని చీవాట్లు పెట్టింది.

"ఇన్నాళ్ళూ ఏం చేశారండీ? ఐదు దాటాక మొదటి కాన్పు మంచిది కాదు. ఇది ఎదకొచ్చేది ఏడాదికి రెండుసార్లు. వచ్చేసారి అయితే అయినట్టు, లేకపోతే ఆశ వదిలేసి ఆపరేషన్ చేయించండి. పైగా ఒళ్ళు చేసింది. లావుగా ఉంటే కడుపు నిలవడం కష్టం, నిలిచినా ఈనడం కష్టం. ఎంత ఉంది?"

"ముప్పై ఒకటి" అన్నాడు బావ. పొద్దున ఇద్దరూ కలిసి తొంభై తొమ్మిది తూగారు.

"ఇరవై ఏడుకు రావాలి. మూడు నెలలు టైముంది. నెమ్మదిగా తగ్గించండి. పక్కటెముకలు చేత్తో తడిమితే తగలాలి, కంటికి కనపడకూడదు. అదీ లెక్క."

తుంటి ఎముకలకు ఎక్స్-రే తీయించింది, నులిపురుగుల మందిచ్చింది, పాతబడిన టీకా మళ్ళీ వేసింది. జత కట్టే ముందు కడుపు పోగొట్టే జబ్బేదీ లేదని రెండు కుక్కలకూ రక్తపరీక్ష చేయించాలంది. కడుపుతో ఉన్నప్పుడు ఈ మందులూ టీకాలూ పెట్టుకోకూడదట, అన్నీ ముందే కానివ్వాలట. "పెళ్ళికి ముందు ఈయన్ని కూడా ఇలా పరీక్ష చేయించి ఉండాల్సిందే" అని అక్క నా చెవిలో అంది.

వీసె లావెక్కడానికి కారణం వెతకనక్కర్లేదు. అక్క వడ్డించినదాంట్లో సగం బావ బల్ల కిందికి చేరవేస్తాడు. ఆయనకు ఒక ముద్ద, దానికి ఒక ముద్ద. డాక్టరమ్మ మాట విన్న రోజు నుంచి బావ ఒట్టు పెట్టుకున్నాడు. బల్ల కిందికి ఒక్క మెతుకు జారితే చెయ్యి నరుక్కుంటానన్నాడు. వీసెకు కొలత గిన్నెతో కొలిచి, రోజుకు రెండు పూటలు. ప్రతి ఆదివారం తూకం. తూకం రాయడానికి వంటింటి అల్మరా తలుపు లోపలివైపు పెన్సిల్.

మొదటి ఆదివారం తొంభై తొమ్మిది. రెండో ఆదివారం తొంభై తొమ్మిది. మూడోదీ అంతే.

"ఇదేం చోద్యమే! ఎక్కడో దొంగతిండి తింటోంది" అన్నాడు బావ. ఇనప కొట్టాయన భార్యను అనుమానించాడు. నన్ను అనుమానించాడు. నేనెళ్ళినప్పుడల్లా నా చేతిసంచి తెరిపించి చూశాడు. కాటాను మాత్రం ఊరికే అనుమానించలేదు, ఇత్తడి రాళ్ళన్నీ దాని మీద పేర్చి పరీక్ష చేశాడు. కాటా నిక్కచ్చి. దాంతో వీసె గిన్నెలో ఇంకో పావు వంతు కోతపడింది. ఐదో ఆదివారం తొంభై తొమ్మిదే. ఇంకో కోత.

రెండు నెలలకు నాకే గుండె తరుక్కుపోయింది. వీసె బల్ల కింద పడుకుని, పైన బావ నమిలే చప్పుడును చెవులతో వింటూ ఉండేది. అది లేచి నడిస్తే నడుం దగ్గర సన్నబడి, పక్కటెముకలు లెక్కపెట్టేట్టు కనిపించేవి.

"ఏమండీ, దీని ఎముకలు చూడండి. నోరులేని జీవాన్ని పస్తులు పెడుతున్నారు" అంది అక్క.

"ఎముకలు కాదే, బొచ్చు ఊడుతోంది. కళ్ళు అబద్ధం చెప్తాయి. ముల్లు చెప్పదు."

"మీ చొక్కా గుండీ మాత్రం ఏదో చెప్తోంది బావా" అన్నాను. నిజంగానే పొట్ట దగ్గర గుండీ ఒకటి, దారం మీద ప్రాణం పెట్టుకుని వేలాడుతోంది.

"ఉతికితే గుడ్డ ముడుచుకోదా? మీ అక్క వేడినీళ్ళలో పడేస్తుంది."

ఎదకొచ్చే గడువు మూడు వారాలుందనగా మళ్ళీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. వీసె నీరసంగా కారు దిగి, గుమ్మంలోనే కూలబడింది. ఆవిడ దాని వీపు మీద చెయ్యి వేసి, ఆ చెయ్యి అక్కడే ఉంచి, బావ వైపు చూసింది.

"దీనికేం పెడుతున్నారు?"

"ఎంత కోసినా తగ్గట్లేదండీ" అన్నాడు బావ దీనంగా. "ఇంకా ముప్పై ఒకటే."

"ఇది ముప్పై ఒకటా? ఎలా తూచారు?"

బావ తన పద్ధతి వివరించాడు, పనితెలిసిన వాడు నేర్చుకునేవాళ్ళకు చెప్పినట్టు. ఆవిడ ఓపిగ్గా విని, గది మూలనున్న కాటా చూపించింది.

"ముందు మీరొక్కరే ఎక్కండి."

"నాది అరవై ఎనిమిదండీ."

"నేను అడగలేదండీ. ఎక్కమన్నాను."

గదిలో మాతోపాటు పిల్లితో వచ్చిన ఒకావిడ, చిలుకతో వచ్చిన ఒకాయన ఉన్నారు. బావ చెప్పులు విప్పాడు. జేబులోంచి తాళాలు, ఫోను, చిన్న స్క్రూడ్రైవరు తీసి అక్క చేతిలో పెట్టాడు. కళ్ళజోడు తీశాడు. చేతి గడియారం తీశాడు. కాసేపు ఆలోచించి నడుం బెల్టు మీద చెయ్యి వేశాడు.

"బావా, ఇంకా విప్పితే నేను బయటికి పోవాలి" అన్నాను.

ఎక్కాడు. కళ్ళజోడు లేదు గనక అంకె ఆయనకు కనపడలేదు. మాకు కనపడింది. పిల్లి ఆవిడక్కూడా కనపడింది. డెబ్బై మూడుకు పైన ఎనిమిది వందల గ్రాములు.

అక్క పైకి చదివింది. కొంచెం గట్టిగానే చదివింది.

బావ కాటా దిగి, దాన్ని అనుమానంగా చూసి, "ఈ కాటా బాగుచేయించి ఎన్నాళ్ళయిందండీ?" అన్నాడు.

"పోయిన నెలే. మీరే చేశారు" అంది డాక్టరమ్మ. వంగి చూస్తే కింద ఆయన దుకాణం చీటీ అంటించి ఉంది, ఆయన సంతకంతో.

తర్వాత వీసెను ఎత్తుకుని ఎక్కాడు. తొంభై తొమ్మిది! తీసివేత ఎవరికివాళ్ళమే చేసుకున్నాం. కుక్క ఇరవై ఐదుకు రెండు వందల గ్రాములు ఎక్కువ. ఉండాల్సినదానికి దాదాపు రెండు కిలోలు తక్కువ. అక్కకు అప్పుడు వెలిగింది.

"నేను వడ్డన మార్చలేదమ్మా. అదే గిన్నె, అదే గరిటె. ఇదివరకు సగం దానికి పోయేది..." అని ఆగిపోయింది.

సగం బల్ల కిందికి పోవడం మానేసింది కదా, ఎక్కడికి పోతుంది? అక్క పెట్టినది పారెయ్యడం ఆయనకు తెలీదు. కుక్క వదిలిన ప్రతి గ్రామునూ మా బావ పొల్లుపోకుండా తన ఒంట్లో దాచాడు. పదకొండేళ్ళుగా ముద్ర వేయించని రాయితో తూచి, సరుకుదే తప్పని దాన్ని పస్తులు పెట్టాడు.

చిలుకాయన నవ్వాడు. నేనూ నవ్వబోయి, బావ మొహం చూసి మానుకున్నాను. ఆయన నేల మీద గొంతుక్కూర్చుని, వీసె పక్కటెముకల మీద వేళ్ళు ఒక్కొక్కటిగా జరుపుతున్నాడు. అది ఆయన మోచెయ్యి నాకుతోంది. అన్నాళ్ళు కడుపు మాడ్చిన మనిషి అని దానికేం తెలుసు?

"ఎత్తుకున్నప్పుడల్లా చేతికి తేలిగ్గానే తగిలింది మరదలా" అన్నాడు నెమ్మదిగా. "నాకే బలం పెరిగిందనుకున్నాను."

డాక్టరమ్మ కొంచెం మెత్తబడింది. "మూడు వారాలుంది. రోజుకు మూడు పూటలు పెట్టండి. ఒక్కసారిగా కుక్కెయ్యకండి, విరేచనాలు పట్టుకుంటాయి. ఇరవై ఏడుకు వస్తే చూద్దాం. రాకపోతే మాత్రం ఈసారి కుదరదు. ఎండిపోయిన ఒంట్లో పిల్లల్ని పెట్టించి దాని ప్రాణం మీదికి తేలేను."

ఈసారి కుదరకపోతే ఇక ఎప్పటికీ లేనట్టే అని ఆవిడ మళ్ళీ చెప్పలేదు. చెప్పనక్కర్లేదు.

ఆ రోజు నుంచి ఆదివారం తూకం పద్ధతి మారింది. అల్మరా తలుపు మీద అక్క రెండు గళ్ళు గీసింది. ఒకదాని పైన "రాయి", రెండోదాని పైన "సరుకు" అని రాసింది. ముందు రాయి ఒక్కటే ఎక్కాలి. అక్క అంకె చదవాలి. నేను సాక్షి. అక్క ఈ పని కోసం శనివారం నుంచే ఉత్సాహంగా ఉండేది. బావ కంచంలో వడ్డన సగమైంది. వీసె గిన్నెలో మాంసం, గుడ్డు చేరాయి. పొద్దునా సాయంత్రం బావ, వీసె కలిసి నడక. ఇనప కొట్టాయన గుమ్మంలో నిలబడి "ఇద్దర్లో ఎవరికమ్మా సంబంధం చూస్తున్నారు?" అని అరిచేవాడు.

మూడు వారాలయ్యేసరికి వీసె ఇరవై ఆరుకు చేరి అక్కడ ఆగింది. బావకు నిద్రాహారాలు లేవు. ఆహారం ఎలాగూ సగమే. కానీ ఆ తల్లి తిథులు పాటించే రకం కాదు. ఎదకు రెండు వారాలు ఆలస్యంగా వచ్చింది. వచ్చేసరికి ఇరవై ఏడు, కచ్చితంగా. "చూశావా, నన్ను క్షమించేసింది" అన్నాడు బావ. అక్క "మీ మొహం చూసి కాదు, నా వంట చూసి" అంది.

వరుడు పళ్ళ డాక్టరుగారి నల్లకుక్క. ఆడకుక్కనే మగదాని ఇంటికి తీసుకెళ్ళాలట, పరాయి చోటైతే మగదానికి బెదురట. అందరం వాళ్ళ పెరట్లోకి వెళ్ళాం. పని మొదలయ్యాక తెలిసింది, ఆ రెండూ ఒకదానికొకటి తగులుకుని ఇరవై నిమిషాలు అలాగే నిలబడిపోతాయని, విడదీయబోతే దెబ్బ తగులుతుందని. ఇరవై నిమిషాలు! ఇటు మేం ముగ్గురం, అటు పళ్ళ డాక్టరు, ఆయన అత్తగారు. ఎవరూ కిందికి చూడం. మబ్బుల గురించి మాట్లాడాం. అవి అయిపోయాక గోడ సున్నం గురించి. చివరికి ఏం చెయ్యాలో తోచక నేను నా జ్ఞానదంతం గురించి అడిగాను. ఆయన నా నోరు తెరిపించి అక్కడే చూశాడు. కుక్కల పెళ్ళిలో పళ్ళు చూపించుకున్న మనిషిని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

నెల తర్వాత స్కానులో కడుపు నిలిచిందని తేలింది. బావకు వెంటనే గిన్నె నింపెయ్యాలనిపించింది. డాక్టరమ్మ కళ్ళెర్రజేసింది.

"ఐదో వారం దాటేదాకా మామూలు తిండే. ముందే మేపితే కొవ్వు పడుతుంది, పిల్లలు కాదు. తర్వాత వారం వారం కొంచెం పెంచండి. చివర్లో కుక్కపిల్లలకు పెట్టే మేత, చిన్నచిన్నగా నాలుగైదు సార్లు. అప్పటికి పొట్టలో తిండికి చోటుండదు. నడక సరే, దూకుళ్ళు వద్దు. నన్నడక్కుండా ఏ మందూ వెయ్యకండి." ఇంతలో ఏదో అనుమానం వచ్చి, "ఇప్పుడేమైనా వేస్తున్నారా?" అంది.

బావ లేదన్నాడు. అక్క గోడ గడియారం వైపు చూసింది.

అక్క మోకాళ్ళకు ఇచ్చిన కాల్షియం మాత్రలున్నాయి. వారం నుంచి ఒకటి తను మింగి, ఒకటి గుడ్డులో దాచి వీసెకు పెడుతోంది. "కడుపుతో ఉన్నదానికి ఎముకబలం కదా అనీ..."

"వెంటనే ఆపెయ్యండి" అంది డాక్టరమ్మ. "ఇప్పుడు బయటినుంచి ఇస్తే, దాని ఒళ్ళు ఎముకల్లోంచి తీసుకునే పని మర్చిపోతుంది. ఈనాక పాలు పడేటప్పుడు ఒక్కసారిగా చాలక వణుకు వచ్చి, ప్రాణం మీదికొస్తుంది. మంచి తిండి చాలు."

దారిలో బావ మొహం వెలిగిపోయింది. ఇంట్లో తప్పు చేసినవాళ్ళు ఇద్దరయ్యారు. వీధి మలుపు దాకా ఆగి, "కాల్షియం!" అన్నాడు. అక్క ఆ పూట ఆయనకు గరిటెలో పావు తగ్గించింది.

పొట్ట పెరిగేకొద్దీ వీసెను ఎత్తుకోవడం ఒక విద్య అయింది. కడుపు కింద చెయ్యి వెయ్యకూడదు. ఒక చెయ్యి రొమ్ము కింద, ఒకటి వెనక తొడల కింద. ఎనిమిదో వారం ఆదివారం బావ అలా ఎత్తుకుని కాటా ఎక్కాడు. అక్క అంకె చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఎంత?" అన్నాడు బావ.

"తొంభై తొమ్మిది."

ఆయన మొహంలో రక్తం లేదు. నేను గబగబా తలుపు మీద అప్పుడే రాసిన మొదటి గడి చదివాను. రాయి అరవై ఎనిమిదీ నాలుగు వందలు. అంటే సరుకు ముప్పైన్నర పైమాటే. ఆయన పోగొట్టుకున్నదంతా వీసె కడుపులోకి చేరింది. ఈసారి చేరవలసినచోటికే.

"ఆ నాలుగు వందలూ లుంగీవి" అన్నాడు బావ, ఊపిరి పీల్చుకున్నాక.

ఎక్స్-రేలో ఆరు తలలు లెక్క తేలాయి. అరవై రెండో రోజు పొద్దున వీసె ఒళ్ళు చల్లబడింది, ఈనే ముందు అలాగే అవుతుందట. మధ్యాహ్నానికి నొప్పులొచ్చాయి. డాక్టరమ్మ ఫోనులో చెప్తోంది, అక్క పిల్లల్ని అందుకుని తుడుస్తోంది. తువ్వాళ్ళు అందించడం నా పని. మొదటిదానికి అందించి, తర్వాత ఐదింటికీ కళ్ళు మూసుకుని అందించాను. ఒకసారి తువ్వాలనుకుని బావ చొక్కా లాగాను. ఆరూ బతికాయి. వీసెకు వణుకూ రాలేదు, ఏమీ రాలేదు. అన్నిటినీ నాకి, పాలిచ్చి, తల అక్క ఒళ్ళో పెట్టి పడుకుంది. బావ పక్కగదిలోకి వెళ్ళి కాటాలు తుడిచి వచ్చాడు. కాటాలు శుభ్రంగానే ఉన్నాయి. కళ్ళే ఎర్రగా ఉన్నాయి.

పిల్లల్ని రోజూ తూచాలి, ఏది తగ్గినా పాలు అందట్లేదని గుర్తు. నాలుగో రోజు ఆదివారం. నేల మీద పెట్టే వెడల్పు కాటా మీద బావ తువ్వాలు పరిచి, ఆరింటినీ ఒకేసారి పెట్టాడు. అంకె నిలవకముందే అవి కుయ్యోమన్నాయి. మూలనుంచి వీసె లేచింది. కాటా దాకా వచ్చి ఆగింది. చిన్నప్పటి ఖంగుమన్న చప్పుడు దాని చెవుల్లో మోగుతోందేమో, ఒక కాలు ఎత్తి దించింది. పిల్లల్లో ఒకటి మళ్ళీ కుయ్యిమంది. అంతే! నాలుగు కాళ్ళతో కాటా ఎక్కి, పిల్లల చుట్టూ చుట్టుకుని పడుకుంది.

అంకె కదిలి కదిలి నిలబడింది.

"ఇంకేం బావా, నిన్న పిల్లలన్నీ కలిపి రెండు కిలోల ఏడు వందలేగా. తీసెయ్యండి" అన్నాను.

"నిన్నటిది నిన్నటిదే మరదలా" అన్నాడు. పిల్లల్ని మళ్ళీ తూచిన తర్వాత గానీ తీసివేత చెయ్యనన్నాడు. ఒక పిల్లను తీయబోతే వీసె మెల్లగా గుర్రుమంది. సరే అని ఆయన కాటా పక్కనే నేల మీద చతికిలబడి, పాలు తాగడం అయ్యేదాకా కాచుక్కూర్చున్నాడు. గంట పట్టింది. దుకాణం ముందు రెండు కాటాలతో మనుషులొచ్చి కేకేసి కేకేసి వెళ్ళారు.

వీసె దిగాక పిల్లల్ని మళ్ళీ తూచి తీసేస్తే, తల్లి ఒక్కతే ఇరవై ఎనిమిదిన్నర. ఆ అంకె తలుపు మీద ఉంది, పక్కన ఎవరి బరువూ లేకుండా.

"ఇక నేను ఎక్కనక్కర్లేదు కదా" అన్నాడు బావ, పెన్సిల్ కింద పెడుతూ.

"కాటా ఖాళీ అయింది, ఎక్కండి" అంది అక్క. "ఇవాళ ఆదివారం."

బావ ఎక్కబోతూ నా వైపు తిరిగి, తల కొంచెం వాల్చి, పైనుంచి కిందికి చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. పెదవులు విప్పేలోపే చేతిసంచి అందుకుని వీధిలో పడ్డాను. వీసె పిల్లల్ని చూడ్డానికి ఇప్పటికీ వారానికి నాలుగుసార్లు వెళ్తాను. ఆదివారాలు మాత్రం నాకు తలనొప్పి.